ఆడచేప లేని కాలువ

కాలువలో గుడ్ల చేప వలకు పడి రెండేళ్ళు దాటింది. పడేవన్నీ మగవే. ఈనే చేప లేకపోతే పిల్ల ఎక్కడిది, పిల్ల లేకపోతే రేపు వలలో పడేదేమిటని కాలువ వెంట బతికేవాళ్ళంతా రంగుల ఫ్యాక్టరీ మీదికి వెళ్ళారు. పోయినవారం ఆ ఫ్యాక్టరీ మురుగునీళ్ళ గొట్టంలో రాళ్ళూ సిమెంటూ కూరి మూసేశారు. ముందు నిలబడి మూయించినవాడు పిల్లలమ్మ భర్త. రేపు అందరి ఎదుటా విచారణ. చేపలను కోసి చూసి, లోపల ఏం జరిగిందో ఆ విచారణలో చెప్పవలసింది పిల్లలమ్మ చెల్లెలు. ఆమె మత్స్యశాఖ ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఈ ఉదయం ఆ చెల్లెలే ఫోను చేసి, "అక్కా, నేను వస్తున్నాను. బావను ఇంట్లోనే ఉండమను" అని, కారణం చెప్పకుండా పెట్టేసింది. సంగతి అక్కడ ఆగింది.

పిల్లలమ్మ అన్నది అసలు పేరు కాదు. ఆమె, భర్త కలిసి గుడ్లు పొదిగించే హేచరీకి చేపపిల్లలు కొనడానికి వచ్చేవాళ్ళు పెట్టిన పేరు. ఆమెకు పిల్లలు లేరు. కొత్తలో ఆ పిలుపు వింటే ముల్లు దిగినట్టుండేది. వినీ వినీ ఆ ముల్లు కూడా అరిగిపోయింది. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూస్తుంది.

చెల్లెలు వచ్చేసరికి అత్తగారు వంటింటి గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చెల్లెలి చేతిలో ఐసుపెట్టె ఉంది. పలకరింపులు లేకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి, పెట్టెను సింకు పక్కన నేల మీద పెట్టింది.

"ఏమ్మా చేపల డాక్టరమ్మా," అంది అత్తగారు. "మీ ల్యాబులో కోసినవి చాలక మా వంటింట్లో కూడానా? వండుకోవడానికైతే చెప్పు, పొయ్యి వెలిగిస్తాను."

"వండుకునేవి కావు అత్తయ్యా."

"కత్తి మాత్రం మాదే వాడతావుగా."

చెల్లెలు నవ్వలేదు. ఎప్పుడూ ముసలావిడ మాటకు మాట అంటించి గాని కూర్చోని మనిషి. పిల్లలమ్మ అది గమనించింది. గమనించి, కత్తి తీసి ఇచ్చింది.

భర్త లోపలికి వచ్చి బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు. చేపపిల్లల తొట్ల దగ్గరినుంచి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళదాకా తడిగా ఉంది. "రిజల్టు వచ్చేసిందా? రేపు ఫ్యాక్టరీవాడి మొహం చూడాలి," అన్నాడు హుషారుగా.

చెల్లెలు పెట్టెలోంచి ఒక చేపను తీసి, పొట్ట కింద నిలువుగా కోసింది. పేగులు పక్కకు తప్పించి, "అక్కా, చూడు," అంది.

పిల్లలమ్మ వంగి చూసింది. రోజూ చేపల పొట్టలు నొక్కి గుడ్లు దించే మనిషి ఆమె. ఏది ఎక్కడ ఎలా ఉండాలో వేళ్ళకు తెలుసు. ఒక పక్క గుడ్ల సంచి ఉంది గాని, ఎండిన తీగలా వెన్ను కింద అంటుకుపోయి ఉంది. గుడ్లు ఆవగింజంతైనా లేవు. రెండో పక్క సంచి ఉండవలసిన చోట తెల్లగా, మెత్తగా, మగచేప పాల సంచి. చెల్లెలు వేలితో నొక్కితే కాస్త పాలు కూడా వచ్చాయి.

"ఇది ఆడదా మగదా?" అంది పిల్లలమ్మ.

"ఆడదిగానే పుట్టింది. ఎదిగేటప్పుడు మగవైపు తిరిగింది. పూర్తిగా తిరగలేదు, మధ్యలో ఆగిపోయింది. ఇక ఇది అటూ కాదు, ఇటూ కాదు."

"అదే కదా మేము మొదట్నుంచీ మొత్తుకుంటున్నది," అన్నాడు భర్త. "ఆ రంగునీళ్ళు తాగితే మనిషైనా మారిపోతాడు."

"రంగునీళ్ళు కాదు బావా."

అతను వినిపించుకోనట్టు చూశాడు.

చెల్లెలు చేయి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. గొంతు పెంచకుండా, బడిలో పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పింది. రంగులు అద్దే చోట వాడే సబ్బు మందుల్లో కొన్ని ఒంట్లోకి పోతే ఆడ హార్మోనులా నటిస్తాయి. అవి నీళ్ళలో కలిస్తే మగచేపలో గుడ్లు పుడతాయి. అలాంటివి ఆమె వేరేచోట్ల చూసింది. ఈ కాలువలో జరుగుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ మగది మగదిగానే ఉంది, ఆడదే మారిపోతోంది. అంటే నీళ్ళలో కలుస్తున్నది మగ హార్మోను.

"ఇంకొకటి," అంది. "ఈ చేపను పట్టింది ఫ్యాక్టరీకి పైన. మీ హేచరీ తూముకు కింద. ఫ్యాక్టరీ నీళ్ళు ఎదురెక్కి రావు కదా బావా. మీ తూముకు పైన, ఎవరూ వలలు వేయని చోట పట్టినవి కూడా కోసి చూశాను. ఒక్కదానికీ ఏ జబ్బూ లేదు. కడుపు నిండా గుడ్లు."

వెల్లుల్లి రెబ్బలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఆగింది. అత్తగారు వాళ్ళ వంక చూస్తోంది.

హేచరీలో తయారయ్యేది తిలాపియా అనే సాగుచేప పిల్ల. ఆడ తిలాపియా పిల్లల్ని పెట్టడంలో పడి ఒళ్ళు చేయదు, మగదైతే చూస్తూండగానే పెరుగుతుంది. కొనేవాళ్ళకు మగవే కావాలి. అందుకని కళ్ళు తెరిచిన పిల్లలకు మొదటి వారాల్లో మేతలో హార్మోను పొడి కలిపి పెడతారు. ఆడగా పుట్టినది కూడా మగగా పెరుగుతుంది. ఆ పొడిని అందరూ మందు అంటారు. మందును స్పిరిట్‌లో కరిగించి, మేతపిండి మీద చల్లి, ఉండ కట్టకుండా చేత్తో కలిపి నీడలో ఆరబెడతారు. పిల్లలు తినగా మిగిలింది తొట్టి అడుగున చేరుతుంది. తొట్టి కడిగిన నీళ్ళు తూములోంచి కాలువలోకి పోతాయి. ఇన్నేళ్ళూ పోతూనే ఉన్నాయి. అందులో దాపరికం ఏమీ లేదు. ఎవరూ ఆలోచించలేదు, అంతే.

భర్త ముందు నవ్వాడు. "అయితే రంగుల ఫ్యాక్టరీ పన్నీరు వదులుతోందన్నమాట. అంతా మా పాపమే."

"ఫ్యాక్టరీ మంచిదని నేను అనడం లేదు. ఈ పాపం దానిది కాదంటున్నాను."

"అక్కా చెల్లెళ్ళూ కూడబలుక్కున్నారా?"

"నాకిప్పుడే తెలిసింది," అంది పిల్లలమ్మ. తన గొంతు తనకే ఎక్కడో పక్కగదిలోంచి వచ్చినట్టు వినిపించింది.

అతను వచ్చి చెల్లెలికి ఎదురుగా కూర్చున్నాడు. నవ్వు పోయింది. నచ్చజెప్పే గొంతు వచ్చింది. "చూడమ్మా. రేపు నువ్వు ఫ్యాక్టరీకి కింద పట్టిన చేపల సంగతి చెప్పు. అది అబద్ధం కాదుగా? అక్కడా ఆడవి లేవుగా? పైన పట్టినవాటి మాట ఎత్తకపోతే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ఫ్యాక్టరీ మూతపడుతుంది. అందులో పనిచేసేవాళ్ళు రోడ్డున పడతారు. కాలువ మాత్రం ఇలాగే ఉంటుంది."

"మేము మారుస్తాం. నెమ్మదిగా. తూము నీళ్ళు కాలువలో పడకుండా గుంట తవ్వుతాం."

"అది కూడా రేపే చెప్పు బావా. అందరిముందూ చెప్పు. నేనూ నీ పక్కనే నిలబడతాను."

"గొట్టంలో సిమెంటు కూరింది నేను," అన్నాడతను. "నా వెనక వాళ్ళంతా నిలబడ్డారు. ఇప్పుడు వెళ్ళి, దొంగను నేనే నాయనలారా అని చెప్పనా? వలలకు కట్టే రాళ్ళు నా మెడకు కడతారు."

 చెల్లెలి చూపు అతని మీద లేదు. అక్క మీద ఉంది. అక్క మొహం మీద, పై పెదవి దగ్గర. రోమాలు తీయించుకున్న ఎరుపు ఇంకా పోలేదు. తర్వాత అక్క చేతుల మీదికి వచ్చింది ఆ చూపు. పిల్లలమ్మకు అర్థమైంది. చేతులను ఒళ్ళోకి తీసుకుంది.

"అక్కా, మేత ఎవరు కలుపుతున్నారిప్పుడు?"

"మణికట్టు నొప్పి మొదలైనప్పటినుంచి నేను కలపడం లేదు. పెద్దవల అని పిలుస్తారే, ఆ వలవాడి కోడలు వచ్చి కలుపుతోంది. ఆరబెట్టడం, జల్లించడం నేనే చూస్తాను."

"అంతకుముందు?"

"అంతకుముందు నేనే. ఇంకెవరున్నారు."

"చేతికి ఏమన్నా తొడుక్కునేదానివా?"

"తొడుక్కుంటే ఉండలు తెలియవు. వట్టి చేత్తో కలిపితేనే సమంగా వస్తుంది." చెబుతూ చెబుతూ ఆమె ఆగింది. పని సంగతి అడిగితే చెప్పడం అలవాటు, అందుకే చెప్పింది. చెప్పిన తర్వాత ఆ మాట బల్ల మీద అలాగే ఉండిపోయింది.

ఆమె గొంతు బొంగురుగా ఉంటుంది. ఫోనులో కొత్తవాళ్ళు "సార్" అంటారు. నెల నెలా రావలసినది ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. పిల్లల కోసం తిరిగిన ప్రతి డాక్టరూ రక్తం తీయించి ఒకే మాట చెప్పింది, మగ హార్మోను కాస్త ఎక్కువుంది, కొందరి ఒంటి తత్వం అంతేనమ్మా అని. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్ళు బతికింది. తప్పు తన ఒంటిది. ఒంటి తత్వాన్ని ఎవరేం చేస్తారు? ఎండు నేలను చూసి విత్తనాన్ని తిట్టకూడదని అత్తగారు ఒకసారి చుట్టాలతో అన్నది. పక్కనే ఉండి టీ పోస్తూ ఆమె అది కూడా ఒప్పుకుంది.

"నేను చేపల్ని చూసేదాన్ని," అంది చెల్లెలు, నెమ్మదిగా. "మనుషుల సంగతి చెప్పడానికి నాకు చదువు లేదు. అదే కారణమని అననక్కా. కాదని కూడా అనలేను. కానీ ఆ పొడి చర్మంలోంచి లోపలికి పోతుంది. ఆడవాళ్ళు దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళైతే ఆ గదిలోకే పోకూడదు."

"ఆ, అది మావాడికి తెలుసు," అంది గడప దగ్గరినుంచి అత్తగారు.

ముగ్గురూ అటు తిరిగారు.

ముసలావిడ ఇంకో వెల్లుల్లి రెబ్బ తీసుకుంది. కొడుకును వెనకేసుకొస్తున్నాననే అనుకుంటోంది. "మా అమ్మాయి కడుపుతో ఉండి ఇక్కడికి వచ్చినప్పుడు షెడ్డు గుమ్మం తొక్కనివ్వలేదు వీడు. అన్నంటే అలా ఉండాలి. ఏమీ తెలియనివాడిలా మాట్లాడకు పిల్లా, వాడికి అన్నీ తెలుసు."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"నేనేమన్నానురా? మంచిపనే చేశావన్నాను."

పిల్లలమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. గుర్తు తెచ్చుకోవలసిన అవసరమే లేకపోయింది, అది అక్కడే ఉంది. షెడ్డులో నేల మీద బరకం పరిచి, మోచేతులదాకా పిండిలో పెట్టి తను కలుపుతోంది. ఆడపడుచు టీ గ్లాసు పట్టుకుని కబుర్లకు వచ్చింది. అడుగు లోపల పెట్టేలోగా ఈయన ఎక్కడినుంచో పరుగున వచ్చి, ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పాడు. "ఈ వాసన నీకు పడదు, ఇంట్లోకి పద" అన్నాడు. ఆడపడుచు నవ్వుతూ, "వదినకు పడుతుందా మరి?" అంది. "మీ వదినకు అలవాటే" అన్నాడు. పిల్లలమ్మ కూడా నవ్వింది. చెల్లెలంటే ఎంత ప్రాణమో ఈ మనిషికి అనుకుంది. ఆ సంగతి తన చెల్లెలికి ఫోనులో మెచ్చుకుంటూ చెప్పింది కూడా.

"మీకు తెలుసా?" అంది భర్తతో.

"ఏం తెలుసు?"

"అదే. ముట్టుకోకూడదని."

అతను చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని తడి ప్యాంటు వంక చూసుకున్నాడు. అబద్ధం చెబుతాడేమోనని చెల్లెలు ఎదురుచూస్తోంది. చెబితే బాగుండునని పిల్లలమ్మకు అనిపించింది. ఏదో ఒకటి అల్లి చెబితే, నమ్మినా నమ్మకపోయినా, మధ్యాహ్నం అన్నం వండుకోవచ్చు.

"మందు అమ్మే ఆయన మొదట్లోనే చెప్పాడు," అన్నాడు. "కడుపుతో ఉన్నవాళ్ళను దూరంగా ఉంచమని. అంతే చెప్పాడు. అంతకుమించి నాకు తెలియదు." తల ఎత్తాడు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగాడు. "నువ్వు కడుపుతో లేవు కదా?"

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్లలమ్మ ఆ మాటను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చూసింది. అందులో తప్పు దొరకలేదు. తను కడుపుతో లేదు. ఏ సంవత్సరమూ లేదు. కాబట్టి కలపవచ్చు. కలుపుతూ ఉంది కాబట్టి కడుపుతో లేదు. ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపం కోసం చూసింది. దంతవైద్యుడు సూది వేశాక పెదవి ఉందో లేదో తెలియనట్టుంది లోపల. కొరికినా తెలియదు.

లేచి, కోసిన చేపను కాగితంలో చుట్టింది. చేప కోసిన పలకను సబ్బుతో కడిగింది. కత్తి కడిగింది. సింకు అంచున అంటుకున్న పొలుసులను గోటితో ఒక్కొక్కటే తీసింది.

"అక్కా, నాతో వచ్చేయి," అంది చెల్లెలు వెనకనుంచి. "ఈ ఒక్కరోజుకైనా."

"అన్నం వండాలి."

"నేను వండుతాను," అంది అత్తగారు. ఆవిడ గొంతులో ఎప్పుడూ లేని తడబాటు వచ్చింది. తను అన్నదేమిటో, అది ఎక్కడ తగిలిందో అప్పుడప్పుడే ముసలావిడకు తెలిసివస్తోంది. వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది. "అమ్మాయ్," అంది కోడలి వంక చూస్తూ. 

బయట గేటు చప్పుడైంది.

"పిల్లలమ్మా, ఉన్నావా?"

అది పెద్దవల గొంతు. కాలువ మీద అందరికంటే పెద్ద వల అతనిదని ఆ పేరు. గొంతు కూడా అంతే పెద్దది. ఫ్యాక్టరీ మీదికి జనాన్ని కూడగట్టింది అతనే. భర్త గభాల్న లేచి, మరదలి వంక ఒక చూపు చూశాడు. బతిమాలాడో బెదిరించాడో తెలియని చూపు. ఐసుపెట్టెను కాలితో బల్ల కిందికి నెట్టాడు.

పెద్దవల చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. ఎప్పుడూ మాసిన చొక్కాతో తిరిగే మనిషి ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"అందరూ ఉన్నారే. మంచిదే," అన్నాడు. "రేపటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నోరు తీపి చేసుకోండి. పిల్లలమ్మా, చెయ్యి పట్టు, నీకే మొదట."

ఆమె తడిచెయ్యి చాచింది. అతను మిఠాయి పెట్టాడు.

"ఏమిటి విశేషం?" అన్నాడు భర్త.

"కోడలు నీళ్ళోసుకుంది. మూడో నెలట. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచింది దొంగపిల్ల, పొద్దున్న వాంతులైతే గాని బయటపడలేదు." పెద్దవల నవ్వాడు. "కాలువలో ఎటూ ఈనే చేప లేకపోయె. మా ఇంట్లోనైనా ఒక పిల్ల ఆడుతుంది."

 మొదట తేరుకున్నవాడు భర్తే. "చాలా సంతోషం," అన్నాడు. "చాలా సంతోషం. ఇంటిపట్టునే ఉండమను. పనికి రానక్కర్లేదు. ఇంట్లోనే ఉండమను."

"నేనూ అదే చెప్పాను బాబూ, వింటేనా? పిల్లలకు మేత వేళ దాటిపోతుందట. పిల్లలమ్మ చెయ్యి నొప్పితో తనే కూర్చుంటుందట. నాతోపాటే వచ్చింది. అటునుంచటే షెడ్డులోకి పోయింది."

పిల్లలమ్మ చేతిలో మిఠాయి అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల అంచున పెట్టింది.

"నువ్వు ఉండు," అన్నాడు భర్త మెల్లగా, ఆమెకు మాత్రమే వినిపించేలా. "నేను వెళ్ళి ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాను. నువ్వేమీ మాట్లాడకు." చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె ఆ చేతిని విడిపించుకోలేదు. నడిచింది. నడుస్తూంటే అదే జారిపోయింది. వెనక పెద్దవల, "ఏమైంది? ఏమిటి అందరూ ఇలా ఉన్నారు?" అంటున్నాడు. చెల్లెలు అతనికి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. భర్త అడ్డొచ్చాడు. మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పిల్లలమ్మ పెరడు దాటి, తొట్ల మధ్య సిమెంటు గట్టు మీదుగా వెళ్ళి షెడ్డు తలుపు తోసింది.

లోపల స్పిరిట్ వాసన గుప్పుమంది. బరకం మీద మోకాళ్ళు మడిచి కూర్చుని ఆ పిల్ల మేత కలుపుతోంది. మోచేతులదాకా పిండి. అలికిడికి తల తిప్పి, పిల్లలమ్మను చూసి, సిగ్గుపడి నవ్వింది.

"మామయ్య చెప్పేశాడా అమ్మా?" అంది.

చేతులు మేతలోంచి తీయకుండానే, నుదుటి మీద పడ్డ జుట్టును భుజంతో వెనక్కి తోసుకుంది. పెదవి మీద పడిన పిండిని నాలుకతో తుడుచుకుంది. పిల్లలమ్మ ఏమంటుందోనని ఎదురుచూస్తూ కూర్చుంది.